మాయ వస్తువు మాట వినకపోతే: సందేహాలు - సమాధానాలు

బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటల మీద శృంగవరపుకోట, విజయనగరం వైపు నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. దాదాపు అన్నీ ఒకే సంగతి అడిగాయి: ఎప్పుడేం చేస్తుందో తెలియని మాయ వస్తువును ఆటలోకి ఎలా తేవాలి? ఈ ఆట ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. తన పాత్ర ఏం చేయబోతోందో ఆటగాడు చెబుతాడు, అది నెరవేరిందో లేదో పాచిక తేలుస్తుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా ఆటలకు మొదలు. ఇక ఉత్తరాల్లోకి వెళదాం.

సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. ఆదివారాలు మా గుంటలందరం మేడ మీద కూర్చుని ఆడతాం. వంద ఫలితాల పట్టిక రాసి ఒక మాయదండం తయారుచేశాను. ఊపితే వందలో ఏదో ఒకటి జరుగుతుంది. తీరా ఆటలో పెడితే దండం పేలి అందరి పాత్రలూ పోయాయి. మావోళ్ళకి నా మీద కోపం. నేను చేసిన తప్పేటి?
– ఒక విద్యార్థి, శృంగవరపుకోట

బాబూ, పట్టిక కూడా జతచేసి మంచిపని చేశారు. అందులో పాత్రల ప్రాణం తీసేవి పది ఉన్నాయి. వందలో పదేగా అనుకున్నారు. కానీ దండాన్ని ఒక్కసారి ఊపి ఎవరూ ఊరుకోరు. ఏడుసార్లు ఊపేసరికి ఆ పదిలో ఒకటి తగిలే అవకాశం సగం దాటిపోతుంది. మీ ఆట కూలింది దురదృష్టం వల్ల కాదు, కూడికల వల్ల.

మీరు చూసి రాసుకున్న అసలు దండం, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని ‘వాండ్ ఆఫ్ వండర్’ను ఒకసారి నిదానంగా చదవండి. అందులోనూ నిప్పుల బంతి ఉంది, పిడుగు ఉంది. కానీ వాటి పక్కనే ఆరువందల పెద్ద సీతాకోకచిలుకలు ఎగిరొచ్చి కళ్ళకు అడ్డుపడడం, నేలంతా గడ్డి మొలవడం, ఎదుటివాడి ఒంటిమీద ఆకులు పుట్టడం వంటివీ ఉన్నాయి. ఒక ఫలితంలో జంతువు ప్రత్యక్షమవుతుంది. పాచికను బట్టి ఖడ్గమృగం కావచ్చు, ఏనుగు కావచ్చు, సగంసార్లు మాత్రం ఎలుకే! ఆ ఎలుకలోనే ఉంది తయారుచేసినవాళ్ళ తెలివి. ఖడ్గమృగం వస్తే పోరు ముదురుతుంది, ఎలుక వస్తే ఆ ఎలుకతో ఏం చేయాలా అని ఆలోచిస్తారు. బల్ల చుట్టూ నవ్వులు పూసేది రెండోదానికే.

అదే ఆటలో 1975లో వచ్చిన ‘డెక్ ఆఫ్ మెనీ థింగ్స్’ అనే పేకముక్కల కట్ట ఇంతకన్నా క్రూరం. అందులో 13 గానీ 22 గానీ ముక్కలుంటాయి. ఒక ముక్క కోటనిస్తుంది, ఇంకొకటి ఆస్తంతా ఊడ్చేస్తుంది, వేరొకటి ప్రాణాన్నే ఎక్కడో బంధిస్తుంది. అయినా యాభై ఏళ్ళుగా ఆటగాళ్ళు దాన్ని ఎగబడి తీస్తున్నారు. ఎందుకంటే దానికో నియమం ఉంది. తీసే ముందే ‘ఇన్ని ముక్కలు తీస్తాను’ అని నోటితో చెప్పాలి. చెప్పాక వెనక్కి తగ్గడానికి లేదు. ముక్క దెబ్బ కొడితే ఆటగాడు కథ నడిపేవాడిని తిట్టడు, తన నోటిని తిట్టుకుంటాడు.

మీ దండంలో లేనిది అదే. ఏమవుతుందో తెలియకపోవడం బాగుంటుంది. ఎప్పుడవుతుందో, ఎంత దూరం పోగలదో కూడా తెలియకపోతే ఆటగాడు చేయగలిగిందేమీ ఉండదు, కూర్చుని చూడడం తప్ప. పట్టికలోంచి ఆ పదింటినీ తీసేయండి. వాటి స్థానంలో పాత్రను చంపకుండా చిక్కుల్లో పెట్టేవి రాయండి. గొంతు మారిపోవడం, నీడ వేరొకరిది కావడం, మూడు రోజులపాటు అబద్ధం నోట రాకపోవడం లాంటివి. పోయిన పాత్రలంటారా? దండం పేలినప్పుడు చచ్చిపోలేదు, మరోచోట తేలారని చెప్పి మొదలెట్టండి. మీవోళ్ళు మళ్ళీ మేడెక్కుతారు.

ఇరవై ముఖాల పాచిక, వంద వరకు లెక్కించే పాచికల జత మా ఊళ్ళో ఏ కొట్లోనూ దొరకవు. ఫోనులో పాచిక వేస్తే మజా లేదు. గవ్వలతో ఆడొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, శృంగవరపుకోట మండలం

ఆడొచ్చు మాస్టారూ. పైగా మాయ వస్తువుకు ఇరవై ముఖాల పాచికకన్నా గవ్వలే నప్పుతాయని నా అభిప్రాయం. దానికి కారణం చెబుతాను.

ఇరవై ముఖాల పాచికలో ప్రతి ముఖానికీ సమాన హక్కు. ఒకటి పడడానికి ఎంత వీలుందో ఇరవై పడడానికీ అంతే. గవ్వలు అలా కావు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని నోళ్ళు పైకి తెరుచుకుంటే అంత పందెం. నాలుగూ తెరుచుకుంటే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. (కొన్ని ఊళ్ళలో ఇది తిరగేసి లెక్కిస్తారు, మీ ఇంటి లెక్కే మీరు పాటించండి.) గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే మొత్తం పదహారు రకాలుగా పడొచ్చు. వాటిలో రెండు వచ్చేవి ఆరు, ఒకటి వచ్చేవి నాలుగు, మూడు వచ్చేవి నాలుగు. చెమ్మాకు ఒక్కటి, అష్టాకు ఒక్కటి. అంటే మామూలు సంగతులు మాటిమాటికీ జరుగుతాయి, విపరీతాలు రెండు కొసలా అరుదుగా జరుగుతాయి. మాయ వస్తువుకు సరిగ్గా కావలసింది ఇదే. చిన్న వింతల్ని ఒకటి, రెండు, మూడు మీద పెట్టండి. కథ మలుపు తిప్పేవాటిని చెమ్మా, అష్టాలకు దాచండి. ఎనిమిది పడినప్పుడు పిల్లలు ఎలా కేకేస్తారో మీరు చూసే ఉంటారు. ఆ కేక కోసం కొత్తగా నియమాలేవీ రాయక్కర్లేదు, మూడు తరాలుగా ఇంట్లో ఉన్నదే.

ఒక జాగ్రత్త. గవ్వ వీపు గుండ్రం, నోరు చదును. అందుకని నిజంగా సగంసగం పడదు. మీ గవ్వల్ని వందసార్లు వేసి ఏది ఎన్నిసార్లు వచ్చిందో పిల్లల చేత రాయించండి. లెక్కల పీరియడ్ గడిచిపోతుంది, మీ గవ్వల గుణమూ తెలుస్తుంది. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒక వైపు అరగదీసి తెల్లగా చేసుకోండి. మన పల్లెల్లో పాచికలు కొన్న ఇళ్ళకన్నా పిక్కలు అరగదీసుకున్న ఇళ్ళే ఎక్కువ.

ఎన్ని పుస్తకాలు చూసినా దండాలు, ఉంగరాలు, కత్తులే. మన కథల్లో ఇలాంటి అనూహ్యమైన వస్తువులు లేవా? మన ప్రాంతపు వస్తువు ఒకటి మీరే తయారుచేసి ఇవ్వకూడదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

ఉన్నాయమ్మా, కానీ వాటి పోకడ వేరు. మన కథల్లో వస్తువుకు పిచ్చి ఉండదు. పిచ్చి ఎప్పుడూ పట్టుకున్నవాడిదే.

1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమానే తీసుకోండి. అందులోని మాయ ప్రతిమ ఒక్కసారి కూడా తడబడదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కోరిక తీరుస్తుంది. కథానాయకుడు తోటరాముడి చేతిలో ఉంటే మేడ లేస్తుంది, మాంత్రికుడి చేతికి చిక్కితే అదే మేడ రాకుమారితో సహా మాయమవుతుంది. అనూహ్యమంతా చేతులు మారడంలో ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో రెండు వస్తువులు ఇంకా సున్నితమైనవి. ప్రియదర్శిని అనే పెట్టె తెరిచి చూసినవాళ్ళకు తమకు అన్నిటికన్నా ప్రియమైనది కనిపిస్తుంది. సత్యపీఠం ఎక్కినవాడు మనసులో ఉన్నది కక్కేస్తాడు. రెండింటికీ నియమం ఒక్క వాక్యం. ఎప్పుడు వాడినా పని చేసే తీరూ ఒక్కటే. అయినా పెట్టె మూత తీసిన ప్రతిసారీ చూసేవాళ్ళు ముందుకు వంగుతారు, ఎందుకంటే లోపల కనిపించేది చూసేవాడి గుట్టు. ఆ రెండు సినిమాలకూ దర్శకుడు కె.వి. రెడ్డి. మాయను ఆయన ఎంత పొదుపుగా వాడారో కథ నడిపేవాళ్ళు కాగితం, కలం పట్టుకుని చూడాలి.

కాబట్టి రెండు దారులున్నాయి. వస్తువులో జూదం పెట్టడం పడమటి దారి. మనిషిలో పెట్టడం మనది. నాకు రెండోదే ఇష్టం. అయితే పాచిక గలగల లేని రాత్రి పిల్లలకు చప్పగా ఉంటుంది కనుక రెండూ కలిపి మీ కోసం ఒకటి రాశాను. పేరు ఏకాండి వీణ.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు పనసచెక్కతో పని చేస్తారు. అతుకు లేకుండా ఒకే మానులోంచి తొలిచి తీసిన వీణను ఏకాండి అంటారు. వీణకు ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. మెట్లు ఇరవై నాలుగు. ఇంతవరకూ నిజం, ఇకమీదటిది ఆట.

వాయించే నాలుగు తీగలకూ నాలుగు గుణాలు. మొదటిది పిలుపు: దూరాన ఉన్నవాణ్ణి రప్పిస్తుంది. రెండోది నిద్ర. మూడోది నిజం చెప్పిస్తుంది. నాలుగోది రూపం మారుస్తుంది. ఏ తీగ మీటాలో, ఎవరి మీదికి వదలాలో ఆటగాడు ముందే ప్రకటించాలి. ఆ తర్వాత నాలుగు గవ్వలు వేయాలి. రెండు పడితే కోరినట్టే జరుగుతుంది. మూడు పడితే కోరినవాడికీ, వాయించినవాడికీ ఇద్దరికీ తగులుతుంది. ఒకటి పడితే కోరినవాణ్ణి వదిలి వాడి పక్కనున్నవాణ్ణి పట్టుకుంటుంది. చెమ్మా పడితే విన్నవాళ్ళందరికీ, శత్రువని లేదు, స్నేహితుడని లేదు. అష్టా పడితే గుణం తిరగబడుతుంది. పిలిచినవాడు ఇంకా దూరం పోతాడు, నిద్రపోవాల్సినవాడికి మూడు రాత్రులు కన్ను మూతపడదు, నిజం చెప్పాల్సినవాడు అందరూ నమ్మే అబద్ధం చెబుతాడు. దానితోపాటు ఒక తాళపు తీగ తెగుతుంది.

రెండూ మూడూ కలిపితే పదహారింట పది. అంటే పదిసార్లకు ఆరుసార్లు పైనే కోరినవాడికి తగులుతుంది. అందుకే ఆటగాడు వీణను కింద పెట్టలేడు. అష్టా సగటున పదహారు మీట్లకు ఒకసారి వస్తుంది. అందుకే వీణ ఒకటి రెండు ఆటల్లో ముగిసిపోదు. మూడో తాళపు తీగ కూడా తెగితే వీణ మూగబోతుంది. దానికి తీగలు కట్టగలిగేవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాలి, అదో కొత్త కథ. ఆ కొత్త తీగలకు అతను అడిగే వెల డబ్బు కాకుండా చూసుకోండి. ఎవరి గొంతో, ఎవరి జ్ఞాపకమో అడగనివ్వండి.

మూడో తీగ మీద మాత్రం కన్నేసి ఉంచండి. శత్రువు చేత నిజం చెప్పించబోయి మూడు పడితే వాయించినవాడూ నిజం చెప్పాలి. తన జట్టు ముందే! ఆటగాళ్ళ పాత్రలకు తలా ఒక రహస్యం ముందుగానే రాయించి పెట్టుకుంటే, మంటలూ పిడుగులూ లేకుండానే రాత్రి రెండు గంటల వరకు ఎవరూ లేవరు.

నేను ఇచ్చిన మాయ అద్దాన్ని మా ఆటగాడు సంచీలో పెట్టి ముడి వేశాడు. భయంతో ఒక్కసారీ వాడడు.
– ఒక పాఠకుడు, కొత్తవలస

వాడకపోవడానికీ ఒక వెల పెట్టండి. ముడి వేసి ఉన్నన్నాళ్ళూ సంచీ రోజుకింత బరువెక్కుతుందనండి. లేదా మొదటి మూడు వాడకాలూ మేలే చేస్తాయని ఒక ముసలి పాత్ర చేత చెప్పించండి. అది నిజమే కావాలి సుమా. ఒకసారి మోసపోయిన ఆటగాడు ఇక మీరిచ్చిన మంచినీళ్ళు కూడా తాగడు.

ఇప్పటి కాలంలో జరిగే కథ నడుపుతున్నాం. రాజులు, కోటలు లేవు. అనూహ్యమైన వస్తువును ఎక్కడ పెట్టాలి?
– ఒక రైల్వే ఉద్యోగి, శృంగవరపుకోట

మీ స్టేషన్ ముందు నుంచే పోతోంది కదండీ, కిరండూల్ పాసింజరు! కొత్తవలస - కిరండూల్ లైను ఇనుప ఖనిజం కోసం వేసింది. ఘాట్ ఎక్కడం మొదలెట్టాక సొరంగం తర్వాత సొరంగం, మొత్తం యాభైకి పైనే. ఒక ప్రయాణికుడు మరిచిపోయిన సంచీని ఆ బండిలో పెట్టండి. సొరంగంలోకి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ లోపలి వస్తువు మారుతుంది. చీకటి ఎప్పుడు వస్తుందో ఆటగాళ్ళకు తెలుసు. వెలుతురులో ఏముంటుందో తెలియదు. చేతిలో ఉన్నది పనికొచ్చేదైతే వచ్చే సొరంగంలోపు వాడేయాలి, ప్రమాదమైతే అప్పటిదాకా ఎలాగోలా పట్టుకు కూర్చోవాలి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. ఒక్కో స్టేషన్‌లో ఒకరు ఎక్కుతారు, ఆ సంచీ నాదే అంటారు. బండి పరుగే మీకు గడియారం. పాచిక కూడా అక్కర్లేదు, కాగితం చీటీలు చాలు.

మా ఆటలో ‘చిల్లంగి బొమ్మ’ అని ఒకటి పెడదామనుకుంటున్నాం. ఎవరి పేరు చెప్పి గుచ్చితే వాళ్ళకు పాచికను బట్టి ఏదో ఒక కీడు. బాగుంటుందా?
– ఇద్దరు మిత్రులు, శృంగవరపుకోట

వద్దు నాయనా. ఈ మాట ఆట నియమాల గురించి చెప్పడం లేదు. మీకు పడమట కనిపించే కొండల్లోనూ, పార్వతీపురం వైపు పల్లెల్లోనూ చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, చంపడం కథ కాదు, పత్రికల్లో చదువుతున్న వార్త. అనుమానం పడేది ఎక్కువగా ముసలివాళ్ళ మీద, ఒంటరివాళ్ళ మీద. ఊళ్ళో జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది పోయి ఒక మనిషి వైపు వేలు చూపిస్తారు. ఆ పేరుతో బొమ్మ చేసి నవ్వుకుంటే, అలాంటి శక్తి నిజంగా ఉందన్న మాటకు మీరూ ఒక ఊతం ఇచ్చినట్టే.

ఈ సంగతిని ఆటలో చూపించాలనే ఉంటే తిరగేయండి. ఊరంతా చిల్లంగి వస్తువని భయపడే ఒక డబ్బా ఉంది. అందులో మాయ ఏమీ లేదు. ఆటగాళ్ళకు ఆ సంగతి తెలుస్తుంది. ఊరు మాత్రం ఆ రాత్రే ఒక ముసలమ్మ ఇంటి మీదికి బయల్దేరింది. అప్పుడు పాచిక వేయించండి, మాయ కోసం కాదు, ఊరివాళ్ళకు నచ్చచెప్పడం కోసం.

అలాగే పుణ్యగిరి గుడి దగ్గరి ధారల వద్ద వస్తువు దొరికినట్టు రాశామని కూడా మీ ఉత్తరంలో చెప్పారు. కొండ, మెట్లు, నీటి ధారలు, శివరాత్రి జనం వాడుకోండి, అంత మంచి రంగస్థలం వేరే ఊళ్ళకు లేదు. గుడి పేరు మాత్రం మార్చండి. దణ్ణం పెట్టుకునే చోటు ఆటలో శాపాల కొట్టుగా మారితే మీ ఇంట్లోనే మొదట గొడవ అవుతుంది.

మావాడు తొమ్మిదో తరగతి. రాత్రిళ్ళు మంత్రాలు, శాపాలు, మాయ వస్తువులు అంటూ స్నేహితులతో ఆడుతున్నాడు. క్షుద్రమేమోనని భయమేస్తోంది.
– ఒక తల్లి, గజపతినగరం

భయపడకండమ్మా. నలభై ఏళ్ళ కిందట అమెరికాలో తల్లులకూ ఇదే భయం పట్టుకుంది. కొడుకును పోగొట్టుకున్న ప్యాట్రీషియా పుల్లింగ్ అనే ఆవిడ 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా ఒక సంఘమే పెట్టారు. ఆట వల్ల పిల్లలు చెడిపోయారన్న ఆరోపణలు నిలబడలేదు. మీవాడు చేస్తున్నది మన చిన్నప్పుడు చందమామ ముందేసుకుని చేసిన పనే. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌లో మాంత్రికులు, రాకాసి లోయలు, శిథిలాలయాలు చదివి పెరిగినవాళ్ళెవరూ క్షుద్రపూజలకు పోలేదు. ఒక్కసారి మీరూ కూర్చుని ఒక పాత్ర తీసుకోండి. నిద్రవేళ, ఖరీదైన పాచికల మీద పెట్టే డబ్బు, ఈ రెండింటి మీదే మీ కన్ను ఉంచండి.

నేను శృంగవరపుకోటవాణ్ణే, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. అనూహ్యమైన మాయ వస్తువుల మీద తెలుగులో చిన్న పుస్తకం అచ్చు వేద్దామనుకుంటున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళ వస్తువులు, పాతాళభైరవి ప్రతిమ వాడుకోవచ్చా?

మొదటిదానికి దారి సుగమమే. ఆ ఆట మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో వాళ్ళు చెప్పిన వాక్యం అచ్చు వేస్తే చాలు, పుస్తకం అమ్ముకోవచ్చు, తెలుగు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇందాకటి దండం, పేకముక్కల కట్ట రెండూ ఆ పత్రంలో ఉన్నాయి. పత్రంలో లేని పేర్లను మాత్రం ముట్టుకోవద్దు.

రెండోది కాస్త మెలిక. మన చట్టం ప్రకారం సినిమాకు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. పాతాళభైరవికి అది తీరిపోయింది. కానీ రచనకు లెక్క వేరు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఆ సినిమాకు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. అంటే ఆయన రాసిన మాటలు 2031 చివరి దాకా హక్కుల్లోనే ఉన్నట్టు. కోరిక తీర్చే ప్రతిమ అనే ఊహ ఎవరి సొత్తూ కాదు, ఆయన సంభాషణలు మాత్రం మీవి కావు. అచ్చుకు ముందు ఒక న్యాయవాదికి చూపించండి.

నన్నడిగితే ఇంకా వెనక్కి వెళ్ళండి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ మీద హక్కులు ఎప్పుడో తీరాయి, పాతాళభైరవి కథకు బీజమూ అక్కడిదే. అందులో మణిసిద్ధుడు, గోపడు కాశీకి నడుస్తుంటారు. ప్రతి మజిలీలో గోపడికి ఏదో వింత కనబడుతుంది, దాని కథ చెప్పమని పట్టుబడతాడు. ఒక మజిలీ, ఒక వింత వస్తువు, ఒక రాత్రి కథ. మీ పుస్తకానికి అధ్యాయాలు ఆ లెక్కనే పెట్టుకోండి.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో అష్టాచెమ్మా, వైకుంఠపాళీ ఆడే పెద్దవాళ్ళుంటే, ఏ పందెం పడితే ఏమంటారో, అదనపు ఆట ఎప్పుడిస్తారో అడిగి ఊరి పేరుతో సహా రాసి పంపండి. వచ్చే నెల శీర్షికలో వాటితోనే మరో వస్తువు కడదాం.